మీ ప్రశ్న – మా జవాబు: గుట్టమీది సీతాఫలం ఏ దేశానిది?

ప్రశ్న: 1453లో టర్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకుని దారి మూసేశారు కాబట్టే యూరప్ వాళ్లు సముద్రమార్గం వెతుక్కున్నారని గ్రూప్స్ కోచింగ్‌లో చెప్పారు. నిజమేనా? (మిర్యాలగూడ నుంచి)

జవాబు: తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. మన మిరియాలు ఎక్కువగా ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టు చేరి, అలెగ్జాండ్రియాలో వెనిస్ వర్తకుల చేతికి వెళ్లేవి. ఆ ఈజిప్టు టర్కుల చేతికి చిక్కింది 1517లో. అంటే వాస్కో డ గామా వచ్చిపోయిన 19 ఏళ్లకు! పోర్చుగీసులైతే 1415లోనే ఆఫ్రికా ఒడ్డున స్యూటా పట్టుకున్నారు. వాళ్ల కన్ను మొదట సహారా అవతలి బంగారం మీద. ఎడారి బిడారు వర్తకులను తప్పించుకోవడానికి ఒడ్డు వెంబడి కిందికి దిగుతూ పోయి 1482లో ఎల్మినాలో (ఇప్పటి ఘనా) కోట కట్టారు. 1488లో బార్తొలొమ్యు డయాస్ ఆఫ్రికా కొస చుట్టాక ఆశ మిరియాల మీదికి మళ్లింది. చేయి మారిన కొద్దీ, సుంకం పడిన కొద్దీ రేటు పెరిగే సరుకు అది. అడ్తి కమీషన్ ఎరిగిన రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పరీక్షలో మాత్రం 1453 తప్ప వేరే దారి లేకుంటే దానికే టిక్కు పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు.

ప్రశ్న: వాస్కో డ గామా ఆఫ్రికా నుంచి 23 రోజుల్లో వచ్చాడట, తిరిగి పోవడానికి మూడు నెలలు పట్టిందట. అదే సముద్రం కదా? (దేవరకొండ నుంచి)

జవాబు: సముద్రం అదే, గాలి వేరు. 1498 ఏప్రిల్ 24న మాలిందిలో బయల్దేరినప్పుడు దారి తెలిసిన మనిషి ఓడలో ఉన్నాడు, నైరుతి గాలి వెనక నుంచి తోస్తోంది. మృగశిర కార్తెలో పాలమూరు చెలకలు తడిపేది కూడా ఆ గాలే. 23 రోజులు నేల కనబడక, ఆ తర్వాత మన ఒడ్డు కనిపించింది; మే 20కి కోళికోడ్ చేరాడు. తిరుగు ప్రయాణానికి ఈశాన్యపు గాలి కావాలి, దానికి నవంబరు దాకా ఆగాలి. కోళికోడ్ రాజుతో సుంకం దగ్గర చెడి ఆగస్టు చివర్లోనే లంగరెత్తాడు. అక్టోబరు 5న కార్వార్ దగ్గరి అంజదీవ్ దీవి వదిలితే ఆఫ్రికా ఒడ్డు కనిపించింది జనవరి 2న. అన్నాళ్లు కూరాకు, పండు లేక స్కర్వీ పట్టింది: చిగుళ్లు వాచి పళ్లమీదికి పెరిగాయి, రొట్టె నమలడం కూడా కాలేదు. నడిపే మనుషులు చాలక ఒక ఓడను తామే కాల్చేశారు. లిస్బన్‌లో ఎక్కిన సుమారు 170 మందిలో ఇల్లు చేరింది మూడో వంతే. తర్వాతి ఓడలు మార్చి, ఏప్రిల్ నెలల్లో లిస్బన్ వదలడం, డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి నుంచి మళ్లడం రివాజు చేసుకున్నాయి.

ప్రశ్న: వనవాసంలో సీతమ్మ తిన్న పండును అమెరికాది అంటారేంటి? అట్లా వచ్చినవి ఇంకేమున్నాయి? మనవైపు నుంచి అటు ఏం పోయాయి? (జడ్చర్ల నుంచి)

జవాబు: సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం మూడింటి పుట్టిల్లూ అమెరికా ఉష్ణప్రాంతాలే. పేర్లతో రామాయణం పూర్తిచేసింది మనవాళ్లు. సీతాఫలం ఇక్కడ ఇంతగా ఎందుకు నాటుకుందంటే, ఆకు వెగటు కాబట్టి మేకలు ముట్టవు, రాతిగుట్టమీద నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, గింజను తిన్నవాళ్లే ఊసి విత్తుతారు. బాలానగర్ పేరుతో ఒక రకమే దేశమంతా చెలామణి అవుతోంది. (ఆ గింజల పొడి పేలకు రాసుకునేవాళ్లు జాగ్రత్త, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.)

మిరప, పల్లి, మక్కజొన్న, టమాట, ఆలుగడ్డ, జామ, బొప్పాయి, పొగాకు కూడా అమెరికా నుంచి యూరప్ వాళ్ల ఓడల దారినే వచ్చాయి. పేర్లలోనే జాడ దొరుకుతుంది. కారానికి అంతకుముందున్న మిరియం పేరు కొత్త కాయకు పెట్టి మిరప అన్నారు; నేలలో కాసే గింజను శనగతో పోల్చి వేరుశనగ అన్నారు; సీమచింతలో ‘సీమ’ అంటే పైదేశమే.

అటు పోయినవాటిలో గోధుమ, గుర్రం, చెరకు ఉన్నాయి, మశూచి ఉంది. 1520లో అది మెక్సికోలోని అజ్‌టెక్ రాజధానిలో పడి కొత్త రాజు క్విట్లావాక్‌నూ మింగింది. మరుసటేడు స్పెయిన్ సైన్యం ఆ నగరం పట్టుకుంది. అమెరికా అంతటా రోగాలతో, వెట్టితో జనం తరిగిపోయారు. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, ఆఫ్రికా నుంచి సుమారు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారు. వాళ్లలో దాదాపు 18 లక్షల మంది ఒడ్డు చూడలేదు.