నీ గూఢచారి నాటిక గురించి

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ నాటిక ప్రింటు తీయించుకుని చదివాను. ఫోన్‌లో చదవాలంటే కళ్లు లాగుతున్నాయి. మీ అమ్మతో బాగుందనే చెప్పాను, అందులో అబద్ధం లేదు. కాకపోతే చదవడానికి బాగుండటం వేరు, స్టేజి మీద నిలబడటం వేరు. పరిషత్తు పోటీలకి వెళ్తానంటున్నావు కాబట్టి మొహమాటపడకుండా రాస్తున్నాను.

మొదటి రంగంలో ఉరుములు, నల్ల ముసుగు, నడుముకి పిస్తోలు పెట్టావు. మూడూ తీసెయ్. నువ్వు రాస్తున్నది ఎలిజబెత్ వాన్ లూ గురించి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యేసరికి ఆవిడ నలభై దాటిన మనిషి. పెళ్లి కాలేదు, తల్లితో కలిసి ఉంటోంది. ఆవిడ దగ్గరున్నదల్లా రిచ్‌మండ్‌లో ఒక పెద్ద ఇల్లు, ఊరి బయట పొలం, మంచి కుటుంబం వాళ్లన్న పేరు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి విడిపోయిన దక్షిణాదికి రిచ్‌మండే రాజధాని. అక్కడ కూర్చుని, సొంత ఊరివాళ్ల మధ్య తిరుగుతూ, ఉత్తరాది సైన్యానికి కబుర్లు పంపింది. ఆ పనికి పిస్తోలు అడ్డమే తప్ప సాయం కాదు.

మన ప్రేక్షకులకి అమెరికా పటం గుర్తుండదు. ఒక్క ముక్క చెప్పించు చాలు. ఉత్తరాది రాజధాని వాషింగ్టన్‌కీ రిచ్‌మండ్‌కీ మధ్య దూరం ఇంచుమించు మనం విశాఖ నుంచి కాకినాడ వెళ్లినంత. రాజధానులు అంత దగ్గరగా పెట్టుకుని నాలుగేళ్లు కొట్టుకున్నారు. ఇంట్లో నాలుగు గోడల మధ్య విన్న మాటకి అంత విలువ ఎందుకొచ్చిందో జనానికి అప్పుడు అర్థమవుతుంది.

తెర లేవగానే వంటగది కనిపించనీ. బుట్ట నిండా కోడిగుడ్లు. అందులో ఒకటి డొల్ల, దాని లోపల చీటీ. ఆవిడ మనుషులు పొలానికీ ఊరికీ మధ్య అలాగే ఉత్తరాలు దాటించారు. చెప్పుల అడుగున కూడా దాచేవారు. నువ్వు స్టేజి మీద డొల్ల గుడ్డు చూపిస్తానంటే థర్మోకోల్ గుడ్డు వాడకు, ముందు వరసలో వాళ్లకి తెలిసిపోతుంది. అసలు గుడ్డే తీసుకుని రెండు కొనల్లో లావుపాటి సూదితో చిల్లు పెట్టి, లోపల పచ్చసొన చితికేలా తిప్పి, ఒక వైపు నుంచి ఊదితే మొత్తం బయటికొచ్చేస్తుంది. ఎండాక కాగితాన్ని సన్నగా చుట్టి చిల్లులోంచి దూర్చాలి. ఇది చేతులకి అలవాటయ్యేదాకా సాధన చెయ్యి. ఎందుకంటే నీ చేతులు గుడ్డుతో పని చేస్తున్నంతసేపూ నీ నోరు పక్కింటావిడతో పిండి ధర గురించి మాట్లాడాలి. చూపు గుడ్డు మీదకి పోకూడదు, గొంతు తగ్గకూడదు. గూఢచారి జీవితమంతా ఆ ఒక్క సీన్‌లో ఉంది. దానికి నువ్వు రాసిన రెండు పేజీల స్వగతం అక్కర్లేదు.

ఆవిణ్ని ఎవరూ అనుమానించలేదని రాశావు. అనుమానించారు. లిబీ జైలని, ఓడలకి సామాన్లు అమ్మే వ్యాపారి గోదాముని జైలు చేశారు. అందులో ఉత్తరాది ఖైదీలుండేవారు. తల్లీకూతుళ్లు ఊళ్లో ఉన్న ఉత్తరాది ఖైదీలకి తిండి, పుస్తకాలు పట్టుకెళ్తున్నారని మొదటి ఏడాదే ఊరి పత్రిక తిట్టిపోసింది. ఆ పుస్తకాలు తిరిగొచ్చేటప్పుడు కొన్ని మాటల కింద సూదిపోట్లు ఉండేవి. ఆ మాటలు వరసగా చదివితే కబురు. మరి ఎలా నెగ్గుకొచ్చింది? జైలు అధికారి ఒకాయన్ని కుటుంబంతో సహా తన ఇంట్లోనే అద్దెకి పెట్టుకుంది! ఇంత నాటకీయమైన సంగతి వదిలేసి ఉరుములు పెట్టావేంటమ్మా?

ఇంకో ముఖ్యమైన విషయం. నీ నాటికలో నల్లజాతి పనిమనిషి ట్రే పట్టుకుని వచ్చి వెళ్లిపోతుంది. అది నాకు నచ్చలేదు. దొరికితే వాన్ లూకి బహుశా జైలు, లేదంటే ఊరి నుంచి వెళ్లగొట్టడం. అదే ఆ చెప్పులు తొడుక్కుని కాపలావాళ్ల ముందునుంచి నడిచినవాళ్లకి కొరడా, అంతకంటే ఘోరం. భయం ఎక్కువ ఎవరిదో లెక్క వేసుకో. ఆ ఇంటి నుంచి వచ్చిన మేరీ రిచర్డ్స్ గురించి చదువు. ఆమెను 1855లో ఆఫ్రికాలోని లైబీరియా పంపారు. తిరిగొచ్చాక 1860లో, స్వేచ్ఛ పొందినట్టు కాగితం లేకుండా వీధిలో తిరుగుతోందని రిచ్‌మండ్‌లో అరెస్టు చేశారు. యుద్ధం అయ్యాక న్యూయార్క్‌లో వేరే పేరుతో ఉపన్యాసాలిచ్చింది, తర్వాత విముక్తులైన వాళ్ల పిల్లలకి చదువు చెప్పింది. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఇంట్లో పనిమనిషిగా చేరి, బల్లమీది కాగితాలు ఒక్కసారి చూసి అప్పజెప్పేదన్న కథ బాగా ప్రచారంలో ఉంది. చరిత్రకారులు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు. నువ్వు ఆ మ్యాజిక్ జోలికి పోకు. సందర్భాన్ని బట్టి పేరు మార్చుకునే మనిషిని రాయి. పోలీసు అడిగితే ఒక పేరు, సభలో ఒక పేరు. ఆ పాత్రకి మంచి నటి దొరికితే నీ నాయికను మింగేస్తుంది. మింగనీ, నష్టం లేదు.

రాత్రి సీన్‌లో ఏడుపు తగ్గించు. వాన్ లూ పడుకునేటప్పుడు ప్రమాదమైన కాగితం ఏదున్నా పక్కనే పెట్టుకునేదట, తలుపు తడితే క్షణంలో నాశనం చెయ్యడానికి వీలుగా. ఏడుపు కంటే ఆ కాగితం ఎక్కువ టెన్షన్ పుట్టిస్తుంది. ఆరు గళ్లు అడ్డం, ఆరు గళ్లు నిలువుగా అక్షరాలు, అంకెలు పేర్చిన సంకేత లిపి తాళం ఆవిడ గడియారం కేసులో ఉండేది. టైము చూసుకుంటున్నట్టు తీసి చూడొచ్చు. వాడుకో.

ఇక రెండో రంగంలో కొప్పులో దాచిన చీటీ, చివర్లో సముద్రంలో మునిగిపోవడం. ఇవి వాన్ లూవి కావు తల్లీ. అవతలి పక్షానికి పనిచేసిన రోజ్ గ్రీన్‌హౌవి. వాషింగ్టన్‌లో పెద్దవాళ్లతో తిరిగే వితంతువు ఆవిడ. 1861 జులైలో ఉత్తరాది సైన్యం కదులుతోందని కబురు పంపింది. బెట్టీ డువాల్ అనే అమ్మాయి పల్లెటూరి పిల్లలా బండి కట్టుకుని వెళ్లి, సైన్యాధికారి ముందు జుట్టు విప్పి ఆ చీటీ తీసింది. కొప్పు, సవరం తెలిసిన మన ఆడవాళ్లు ఈ సీన్‌కి చప్పట్లు కొడతారు, ఒప్పుకుంటాను. కానీ ఆ ధైర్యం బానిసల యజమానుల కోసం. ధైర్యం చూసి మురిసిపోయి ఇద్దరినీ ఒకే చీర కట్టి నిలబెడితే, యుద్ధం దేనికోసం జరిగిందో జనం మర్చిపోతారు. రోజ్ మీద మోజు ఉంటే వేరే నాటిక రాసుకో. అప్పుడు మాత్రం పెద జాలరిపేట వెళ్లి, తీరం దగ్గర పడవ అలకి అడ్డం తిరిగితే ఏమవుతుందో వాళ్లనే అడుగు. 1864 అక్టోబరు 1 తెల్లవారుజామున, ఆవిడ వస్తున్న ఓడ దక్షిణాది రేవు విల్మింగ్టన్ దగ్గర ఇసుకలో దిగబడింది. మళ్లీ జైలుకి పోతానన్న భయంతో చిన్న పడవ దించమని పట్టుబట్టింది. పడవ తిరగబడింది. ఒంటి మీద 2,000 డాలర్ల బంగారం ఉంది.

యుద్ధం తర్వాతి జీవితం నీ నాటికలో నాలుగు లైన్లు కూడా లేదు. నన్నడిగితే సగం నాటిక అక్కడే ఉండాలి. ఆస్తి చాలావరకు ఈ పనికే ఖర్చయిపోయింది. యుద్ధంలో ఉత్తరాది సేనాని అయిన గ్రాంట్ అధ్యక్షుడయ్యాక 1869లో రిచ్‌మండ్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం ఇచ్చాడు, 1877 దాకా చేసింది. నల్లజాతి వాళ్లకి అందులో ఉద్యోగాలిచ్చింది. ఓటు లేని ఆడదాని దగ్గర పన్నెలా వసూలు చేస్తారని పన్ను కడుతూనే నిరసన రాసిచ్చేది. ఊరివాళ్లు మాత్రం ఆవిడతో మాటలు మానేశారు. 1900లో చనిపోయేదాకా, ఒకప్పుడు తను ఆదుకున్న ఖైదీ బంధువులు పంపిన డబ్బుతో గడిచింది. బానిసత్వం నుంచి తప్పించుకుని ఉత్తరాదికి పనిచేసిన నల్లజాతి మనిషి హారియట్ టబ్మన్ సంగతీ చూడు. 1863 జూన్‌లో దక్షిణాదిలోని కంబాహీ నది మీద ఉత్తరాది సైన్యం చేసిన దాడికి ముందు సమాచారం సేకరించి, 700 మందికి పైగా బానిసల్ని విడిపించిన దాడిలో తనూ వెళ్లింది. 1899లో ఆమెకు నెలకి 20 డాలర్ల పెన్షన్ ఖాయం చేశారు. అది కూడా భర్త చనిపోయినందుకూ, నర్సుగా చేసినందుకూ. గూఢచారి పనికి కాదు.

చివరి సీన్‌లో జెండా ఎగరేయడం అందరూ చేసేదే. దాని బదులు 1866 డిసెంబర్ పెట్టు. యుద్ధశాఖకి వాన్ లూ ఉత్తరం రాసి, తను పంపిన నివేదికలన్నీ వెనక్కి ఇమ్మంది. ఇచ్చారు. అన్నీ నాశనం చేసింది. పక్కింటివాళ్లు బతికే ఉన్నారు, సాయం చేసినవాళ్లు అదే ఊళ్లో ఉన్నారు. ఎందుకు చేసిందో పాత్ర చేత చెప్పించకు.

దుస్తుల గురించి పెద్దగా ఆలోచించకు, పొడుగు గౌను, శాలువా చాలు. పేర్లు మాత్రం ఒక్కలాగే పలికించు. ఒకచోట వాన్ లూ, ఒకచోట వాన్ ల్యూ అని ఉంది. నిడివి ఎలాగూ ఎక్కువైంది, మూడో రంగంలో లింకన్ ఉపన్యాసం మొత్తం కొట్టేసి, మిగిలింది దసరా లోపు నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ