సర్వేలో వికలాంగులా, దివ్యాంగులా?

సందేహం: సోషల్ వర్క్‌లో పరిశోధన చేస్తున్నాను. వైకల్యం, రేస్ (నల్లవారు, తెల్లవారు అనే విభజన), హెల్త్ ఈక్విటీ నా అంశాలు. అమెరికా పరిశోధనలు చదివి, మా వైపు ఫ్లోరైడ్ పల్లెల్లో సర్వేకు ప్రశ్నలు రాస్తున్నాను. ‘వికలాంగులు’ అనాలా, ‘దివ్యాంగులు’ అనాలా? రేస్‌కు ‘జాతి’, ఈక్విటీకి ‘సమానత్వం’ సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, కనిగిరి

సమాధానం: థీసిస్‌లో ‘వైకల్యం ఉన్నవారు’ అని రాయండి. సర్వే ప్రశ్నలో మాత్రం ఈ మాటలేవీ వద్దు.

‘వికలం’ తిట్టేమీ కాదు. ‘కల’ అంటే భాగం, అది లోపించినదని అర్థం. చిక్కల్లా ‘అంగం’తోనే. వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం, తలసీమియా అనే రక్తవ్యాధి కూడా ఉన్నాయి; ‘వికలాంగులు’ అంటే అవి స్ఫురించవు. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంతో వ్యాప్తిలోకొచ్చిన ‘దివ్యాంగులు’లోనూ అంగం అట్లాగే ఉంది, పైన దివ్యత్వం అదనం. ‘విభిన్న ప్రతిభావంతులు’ సర్కారీ కాగితాల మాట. అర్జీ పెట్టేటప్పుడు వాడండి. మీరు కొలిచేది ప్రతిభను కాదు గదా!

ఇక సర్వే. “మీ ఇంట్లో వికలాంగులున్నారా?” అని అడిగితే పల్లెలో వినబడేది “సదరం సర్టిఫికెట్ ఉందా, పింఛను వస్తోందా?” అని. వైకల్యాన్ని శాతాల్లో తేల్చే ఆ సదరం పరీక్షలో 40 శాతం రాక సర్టిఫికెట్ అందని ఇల్లు “లేరమ్మా” అంటుంది. నడుం వంగిపోయిన ముసలామె, దొడ్డికాళ్ల పిల్లాడు లెక్కలోకి రారు. వాళ్లకు అది ఊరి నీళ్ల జబ్బు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్యపత్రికకెక్కిన జబ్బు.

వైకల్యాన్ని లెక్కించే పద్ధతుల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ చిన్న ప్రశ్నావళిలో వైకల్యమన్న మాటే లేదు. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, తన ఒంటి పని, మాట – ఆరే ప్రశ్నలు. తెలుగు చేసేటప్పుడు “ఇబ్బంది ఉందా?” అంటే ఉంది, లేదు అనేసి ఊరుకుంటారు. “ఎంత ఇబ్బంది?” అనండి. ఏమీ లేదు, కొద్దిగా, చాలా, అసలు చేయలేను – నాలుగూ ప్రతిసారీ చదివి వినిపించండి. ఒక్కదానిలోనైనా ‘చాలా’ గానీ ‘అసలు చేయలేను’ గానీ వస్తే వైకల్యం కింద లెక్క. “నడవగలరా?” అంటే కర్ర పట్టుకుని పది అడుగులు వేసేవాళ్లూ “నడుస్తా” అంటారు. ‘కష్టం’ వాడకండి, వానల్లేని కష్టమంతా చెప్పుకొస్తారు. “మీ పని మీరు చేసుకోవడం” అంటే పొలం పని అనుకుంటారు. “ఒళ్లంతా కడుక్కోవడం, గుడ్డలు కట్టుకోవడం” అని విప్పి అడగండి.

రేస్‌కు ‘జాతి’ ఎందుకు కుదరదో ఒంగోలు గిత్తను చూసే మనకు చెప్పక్కర్లేదు. జాతి అనగానే పుట్టుకతో, రక్తంతో వచ్చిన గుణం తోస్తుంది. మీరు చదివే పరిశోధనలు కాదంటున్నది సరిగ్గా దాన్నే. కిడ్నీ పనితీరును లెక్కగట్టే 2009 నాటి సూత్రం రోగి నల్లవాడైతే ఫలితాన్ని 1.159తో హెచ్చించేది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం) అంతే ఉన్నా కిడ్నీ దాదాపు 16 శాతం మెరుగ్గా కనిపించేది. అక్కడ డయాలసిస్ మొదలుకాకముందే కిడ్నీ మార్పిడికి నిరీక్షణ కాలం లెక్క మొదలవ్వాలంటే ఆ పనితీరు అంకె 20కి దిగాలి. నల్లవారికి అది ఆలస్యమయ్యేది. 2021లో ఆ హెచ్చవేతను తీసేయమని అక్కడి కిడ్నీ వైద్యుల బృందం సిఫారసు చేసింది. అందుకని భావానికి ‘రేస్’ అనే ఉంచి, మొదటిసారి వాడినచోట రెండు వాక్యాల్లో వివరించండి. వివక్షకు ‘వర్ణవివక్ష’ స్థిరపడిన మాటే. కనిగిరి సర్వేలో కులం, తెగ అని నేరుగా అడగండి. వాటినే రేస్‌కు తెలుగనుకుని అమెరికా అంకెల పక్కన పెట్టొద్దు.

ఈక్విటీకి ‘సమన్యాయం’ నయం. ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టి అందరికీ తలా ఒక 20 లీటర్ల క్యాను ఇస్తే సమానత్వం. నడుం వంగినామె దాన్ని మోయలేదు కాబట్టి ఇంటికి చేర్చడం సమన్యాయం. ‘సమత’ జోలికి మాత్రం పోకండి. కవిత్వంలో బాగుంటుంది, పట్టికలో అది ఈ రెండింటిలో దేనికి గుర్తో చదివేవాళ్లకు తెలియదు.