జేబులో పాస్ ఉంది కదా, బయల్దేరు

విదేశాల్లో చదువుకుంటున్న పిల్లలు, ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్న వాళ్ల తల్లిదండ్రులు పంపే ప్రశ్నలకు జవాబులు. జవాబులిచ్చేది 2012 నుంచి 2014 దాకా బెర్లిన్‌లో ఎమ్మెస్ చదివి, ఇప్పుడు నల్లకుంటలో ఉంటున్న మీ అక్క.

ప్రశ్న: అక్కా, మాది మల్కాజిగిరి. అక్టోబరులో మాస్టర్స్ కోసం బెర్లిన్ వచ్చాను. రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లమే. క్లాసు, వంట, నిద్ర, ఇంతే. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. ఫ్రెండ్స్ పారిస్, స్విట్జర్లాండ్ ఫొటోలు పెడుతుంటే ఏదో పోగొట్టుకుంటున్నానని టెన్షన్. వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా వచ్చేది అద్దెకి, తిండికే సరి. డబ్బు పెట్టకుండా ఊరు చూడటం ఎలా?
- ఒక విద్యార్థి, బెర్లిన్

జవాబు: తమ్ముడూ, ముందు నీ టికెట్ సంగతి తేల్చుకో. అక్కడ చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజుతో పాటే ప్రయాణ పాస్ వస్తుంది. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో రాదు. నీకుంటే సగం బెంగ తీరినట్టే.

నా మొదటి వారంలో స్టూడెంట్ కార్డు ఇంకా చేతికి రాలేదు. మిషన్‌లో టికెట్ కొని, పర్సులో భద్రంగా దాచుకున్నాను. ప్లాట్‌ఫారం మీదున్న చిన్న డబ్బాలో పెట్టి ముద్ర వేయించుకోవాలని ఎవరు చెప్పారు నాకు? మన మెట్రోలాగా అక్కడ గేట్లుండవు, నేరుగా వెళ్లి ఎక్కేయడమే. రెండు స్టేషన్లు దాటాక మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు లేచి టికెట్లడిగారు. 40 యూరోలు జరిమానా. అప్పటి లెక్కలో దాదాపు 2,800 రూపాయలు. ఇప్పుడైతే 60 యూరోలు. ఆ రాత్రి అన్నం సహించలేదు, అమ్మకి చెప్పనూ లేదు. ఇప్పుడిది చదివి తెలుసుకుంటుంది. ఇంకో మాట: ఊరు ఏ, బీ, సీ అని మూడు జోన్లు. కొత్త ఎయిర్‌పోర్టు సీలో ఉంది. ఇంటి నుంచి ఎవరైనా వస్తే ఏబీ టికెట్‌తో వాళ్లని తీసుకురావడానికి వెళ్లకు.

ఇక తిరగడం. అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో 100 నంబరు బస్సెక్కు. డబుల్ డెక్కర్ వస్తే పైన ముందు సీటు పట్టు. మ్యూజియం ద్వీపం, పార్లమెంటు, టీర్‌గార్టెన్ పార్కు చెట్లు, బంగారు దేవత నిలబడ్డ విజయస్తంభం, చివరికి జూ. టూరిస్టు బస్సులవాళ్లు డబ్బు తీసుకుని చూపించేది చాలావరకు ఇదే. బెర్లిన్‌ని తూర్పు, పడమరలుగా విడదీసిన గోడ పడ్డాక, 1990లో ఆ రెండింటినీ కలిపిన తొలి బస్సు రూట్లలో ఇదొకటి. నాకైతే చిన్నప్పుడు నాన్నతో ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లిన డబుల్ డెక్కర్ గుర్తొచ్చేది. అప్పుడూ పై సీటు కోసమే గొడవ. పార్లమెంటు మీది గాజు గోపురం ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు మర్చిపోకు.

ఎండ కాసిన రోజున ఎస్-బాన్‌లో, అంటే అక్కడి లోకల్ రైల్లో, వాన్‌జే దాకా వెళ్లు. స్టేషన్ ఎదురుగా చెరువు, అక్కడ ఎఫ్10 ఫెర్రీ. అది సిటీ రవాణాలో భాగం కాబట్టి బస్సు టికెటే దానికీ టికెట్. ఇరవై నిమిషాలు నీళ్ల మీద వెళ్లి క్లాడో అనే చిన్న ఊళ్లో దిగుతావు. లుంబినీ పార్కులో బుద్ధుడి దగ్గరికి వెళ్లే బోటుకి కూడా మనం డబ్బు కడతాం కదా, అందుకే మొదటిసారి నాకు నమ్మకం కుదరలేదు. దిగేటప్పుడు ఎవరైనా ఆపి అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. తిరుగు ఫెర్రీకి గంట టైముంది. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర ఒడ్డున కూర్చుని తిన్నాను.

టెంపుల్‌హోఫ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయింది 2008 మార్చిలో. అదే ఏడాది అక్టోబరులో అక్కడ టెంపుల్‌హోఫ్ ఎయిర్‌పోర్టు మూశారు. 1948లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కి దారులన్నీ మూసేస్తే, దాదాపు ఏడాది పాటు బొగ్గు, పిండి, పాలపొడి విమానాల్లో దిగిన చోటది. మూసేశాక 2010లో జనానికి వదిలేశారు. 300 హెక్టార్లకు పైనే. రన్‌వే మీద సైకిళ్లు, స్కేట్లు, పిల్లల బళ్లు. 2014 మేలో, నేనింకా అక్కడ ఉండగానే, అందులో కొంత భాగంలో ఇళ్లు కట్టాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. వద్దనే వాళ్లే గెలిచారు. ఇళ్లు దొరక్క అల్లాడుతున్న ఊళ్లో అంత ఖాళీ స్థలం అలా ఉంచుకోవడం సరైనదేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. రూమ్ కోసం నాలుగు నెలలు తిరిగినదాన్ని మరి. కానీ గాలి బాగా వీచిన ఓ మధ్యాహ్నం అక్కడ పతంగులు ఎగరేస్తుంటే చూశాను. మాంజా లేదు, ఒకరిది ఒకరు కోసుకోవడం లేదు, అరుపుల్లేవు. సంక్రాంతికి మేడ మీద పెరిగిన నాకు ఉప్పులేని పప్పులా అనిపించింది. అయినా గంటన్నర నిలబడి చూశాను.

గోడ చూడాలంటే ముందు గోడ మీద బొమ్మలేసిన ఈస్ట్‌సైడ్ గ్యాలరీకి పరిగెత్తకు. బొమ్మలు బాగుంటాయి, ఫొటోలూ బాగా వస్తాయి. అసలు సంగతి అర్థం కావాలంటే బెర్నావర్ వీధిలోని గోడ స్మారకానికి వెళ్లు, టికెట్ లేదు. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేసినప్పుడు ఆ వీధిలో ఒక వరస ఇళ్లు తూర్పువి, వాటి ముందున్న కాలిబాట పడమటిది. అంటే కిటికీలోంచి దూకితే వేరే దేశం. దూకారు కూడా, కొందరు చనిపోయారు. తర్వాత ఆ కిటికీలకి ఇటుకలు పేర్చేశారు. పక్కనే నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్లో చిన్న ప్రదర్శన ఉంది, దయ్యాల స్టేషన్ల గురించి. పడమటి రైళ్లు తూర్పు కిందుగా వెళ్తూ అక్కడ ఆగకుండా పోయేవి. ప్లాట్‌ఫారం మీద మసక వెలుతురు, కాపలా సైనికులు. 28 ఏళ్లు అలాగే నడిచింది. ఊళ్లో నడుస్తుంటే రోడ్డుకి అడ్డంగా రెండు వరసల రాళ్లు కనిపిస్తాయి చూడు, గోడ వెళ్లిన దారి అది.

నీ గుమ్మం ముందు కూడా చూసుకో. మా ఇంటి ముందు కాలిబాటలో మూడు ఇత్తడి పలకలుండేవి, అరచేయంత. నవంబరులో ఒక సాయంత్రం ఎవరో పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని నేల మీద ఏదో వెతుకుతున్నట్టు కనిపిస్తే, సాయం చేద్దామని వంగాను. గుడ్డతో ఆ పలకల్ని తోముతోంది, మనం పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు. ‘హీర్ వోంటే’ అని చదివి వినిపించింది, ఇక్కడ ఉండేవారు అని. కింద పేరు, పుట్టిన ఏడు, ఎప్పుడు పట్టుకుపోయారు, ఎక్కడ చంపారు. నాజీలు చంపినవాళ్లవి, వాళ్లుండిన ఇళ్ల ముందే. జర్మన్‌లో భూతకాలం క్లాసులో ఎంత చెప్పినా ఎక్కలేదు నాకు. ‘వోంటే’ మాత్రం ఆ రోజు నుంచి మర్చిపోలేదు.

చీకటి గురించి అడిగావు కదా. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు, ఏం చేయలేం. పొద్దున పదకొండుకి లేచే అలవాటు మాత్రం మానెయ్యి. ఆదివారం షాపులు మూసేస్తారు, పాలు, బ్రెడ్డు శనివారమే కొనుక్కో. అయితే ఆదివారమే మావర్‌పార్క్‌లో పాత సామాన్ల సంత. మన ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారు గుర్తొస్తుంది. 8 యూరోలకి అక్కడ కొన్న కోటుతోనే రెండు చలికాలాలు గడిపాను. మంగళవారం, శుక్రవారం మాయ్‌బాఖ్‌ఊఫర్ అనే కాలువ గట్టు వీధిలో టర్కీవాళ్ల మార్కెట్. మూసే ముందు వెళ్లు. అప్పుడు కేకలేసి డబ్బా లెక్కన తక్కువకి ఇచ్చేస్తారు, అచ్చం మోండా మార్కెట్. వంకాయలు, కొత్తిమీర, పచ్చిమిర్చి దొరుకుతాయి. నలుగురున్నారుగా, డబ్బా కొని పంచుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకు, షాపులో తిరిగిస్తే చాలావాటికి 25 సెంట్లు వెనక్కిస్తారు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి కూడా బెర్లిన్‌లోనే. పోయిన జూన్‌లో మాకు రాత్రి పన్నెండున్నర అవుతుంటే ఫోన్ చేశాను. ఇంకా పార్కులోనే ఉన్నానంది! ఒక్కతే. అడిగితే నవ్వుతుంది. నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, మీకు పన్నెండున్నర అంటే ఎండాకాలంలో అక్కడ తొమ్మిది. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురే. పిల్లలు ఆడుకుంటుంటారు, ముసలివాళ్లు బెంచీల మీద ఉంటారు. మీ అమ్మాయి నవ్విందంటే అందుకే.

అలాగని అన్నీ కొట్టిపారేయను. రద్దీ స్టేషన్లలో జేబులు కొట్టేస్తారు, నా ఫోన్ పోయింది కూడా. పాస్‌పోర్టు రోజూ బ్యాగులో వేసుకుని తిరగొద్దని చెప్పండి. శుక్ర, శనివారాల్లో యూ-బాన్ (అక్కడి మెట్రో) రాత్రంతా నడుస్తుంది, మిగతా రోజుల్లో రాత్రి బస్సులుంటాయి. ఆపదలో 112, పోలీసులకి 110. ‘ఎక్కడున్నావ్?’ అని పది నిమిషాలకోసారి అడిగితే చెప్పడం మానేస్తారు, మా అమ్మతో నేను చేసింది అదే. ‘ఇవాళ ఏం చూశావ్?’ అనడగండి. తనే అన్నీ చెప్తుంది, ఎక్కడున్నదీ అందులోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: అక్కా, మార్చిలో వారం సెలవులు. ఏడు రోజుల్లో ఏడు దేశాలు తిరగొచ్చా?
- మరో విద్యార్థి, బెర్లిన్

జవాబు: తిరగొచ్చు. ఏడు రైల్వేస్టేషన్లు చూస్తావు. ఆ డబ్బుతో రెండు నెలల సరుకులొస్తాయి, ఆలోచించుకో. నన్నడిగితే ముందు ఎస్7 రైలెక్కి పక్క ఊరు పోట్స్‌డామ్ వెళ్లు. పైన చెప్పిన ఎయిర్‌పోర్టులాగే అదీ సీ జోనే, నీ పాస్ అక్కడిదాకా ఉందో చూసుకుని ఎక్కు. సాన్‌సూసీ తోటలోకి టికెట్ లేదు. రాజభవనం పక్కన ఫ్రెడరిక్ రాజు సమాధి ఉంది. తన రాజ్యంలో ఆలుగడ్డ సాగు చేయించినవాడని, వచ్చినవాళ్లు పూలతో పాటు ఆలుగడ్డలు పెట్టి వెళ్తారు. నువ్వూ ఒకటి పట్టుకెళ్లు. నెలాఖరైనా సరే, అక్కడున్నవి మాత్రం వేపుడికి తెచ్చుకోకు.