ఎరుపు వెలిసిపోతే క్లయింటు మనసూ విరుగుతుంది

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లి వీడియోలు తీస్తుంటాను. మొదటిసారి ఒక కారప్పొడి కంపెనీ యాడ్ చేతికొచ్చింది. ఒకరోజు మిరప కల్లంలో, ఒకరోజు ఇంటి వంటగదిలో షూటింగ్. కంపెనీవాళ్లు నలుగురు వచ్చి, తీస్తుండగానే చూస్తామంటున్నారు. కెమెరా వెనక నిలబెట్టనా? మా ఇంట్లోని 43 అంగుళాల టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కెమెరా వెనక మాత్రం వద్దండి. నలుగురు మెడలు చాచి చూస్తుంటే ఫోకస్ పట్టే కుర్రాడికి చెయ్యి ఆడదు. వాళ్లకి వేరే మానిటర్, కుర్చీలు, నీడ ఉండాలి.

అన్నిటికంటే ముందు రంగు సంగతి చూసుకోండి. మీరు లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేందుకు బొమ్మని చప్పగా తీసే పద్ధతి) రికార్డు చేస్తే మానిటర్‌లో బొమ్మ పదిసార్లు ఉతికిన చీరలా వెలిసిపోయి కనిపిస్తుంది. విజయవాడలో ఒక పచ్చళ్ల యాడ్‌కి నేను మానిటర్లు పెట్టినప్పుడు క్లయింటు మానిటర్‌లో లట్ (వెలిసిన లాగ్ బొమ్మని మామూలు రంగుల్లో చూపించే సెట్టింగు) వేయలేదు. ఆవకాయ ఇటుకపొడి రంగులో కనబడింది. ‘తర్వాత సరిచేస్తాం’ అని ఎంత చెప్పినా ఆ పెద్దాయన మొహంలో నమ్మకం తిరిగి రాలేదు. ఆయన తప్పేమీ లేదు, కళ్లకు కనిపించినదాన్నే నమ్మారు. అందుకే రెక్ 709 (మామూలు హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం) లట్‌ను కెమెరా అవుట్‌పుట్‌లోనో మానిటర్‌లోనో తప్పకుండా వేయండి. రెండుచోట్లా వేస్తే మాత్రం బొమ్మ మాడిపోతుంది. పొద్దున్నే గుప్పెడు కారం పళ్లెంలో పోసి, షాట్ లైట్‌లోనే కెమెరా ముందు పెట్టి, మీ మానిటర్‌నీ వాళ్ల మానిటర్‌నీ పక్కపక్కన పోల్చి చూసుకోండి.

మీ టీవీ వంటగది రోజుకి పనికొస్తుంది. ‘వివిడ్’ మోడ్ తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి. కదలికల్ని కృత్రిమంగా నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఓవర్‌స్కాన్ ఉంటే అదీ తీసేయండి, లేకపోతే ఫ్రేము అంచులు కోసుకుపోతాయి. అంచున పెట్టిన ప్యాకెట్ కనబడక, ‘మా పేరేదీ?’ అని అడుగుతారు.

కల్లంలో టీవీ వద్దు. ఎండలో నల్లటి అద్దంలా వాళ్ల మొహాలే కనిపిస్తాయి. వెయ్యి నిట్స్ పైన వెలుగు ఉన్న మానిటర్ అద్దెకు తీసుకుని, మూడువైపులా నల్లగుడ్డ కట్టండి. కరెంటుకి వీ-మౌంట్ బ్యాటరీలు (కెమెరాకో మానిటర్‌కో వెనక తగిలించే పెద్ద బ్యాటరీలు) వాడండి. 98 వాట్-అవర్ బ్యాటరీ 40 వాట్ల మానిటర్‌ని లెక్క ప్రకారం దాదాపు రెండున్నర గంటలు నడపాలి. నేను మాత్రం రెండు గంటలకే లెక్కేసుకుని బ్యాటరీలు పట్టుకెళ్తాను.

మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ని పది మీటర్లు దాటితే నమ్మలేం. పైగా ఎవరి కాలు తగిలినా ఊడి వస్తుంది. ప్రొఫెషనల్ వీడియో పరికరాలకు వాడే ఎస్‌డీఐ కేబుల్‌కి మెలితిప్పి బిగించే బీఎన్‌సీ కనెక్టర్ ఉంటుంది, మంచి కేబులైతే హెచ్‌డీ సిగ్నల్ 50 మీటర్లు హాయిగా పోతుంది. మీ కెమెరాకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే, దాన్ని ఎస్‌డీఐగా మార్చే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. మొదటి మానిటర్ లూప్ అవుట్ (వచ్చిన సిగ్నల్‌ని మళ్లీ బయటికి పంపే సాకెట్) నుంచి రెండోదానికి కలపొచ్చు.

వైర్‌లెస్ గురించి మీరు అడగలేదు, కానీ అద్దె షాపులో తప్పకుండా అంటగడతారు. ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి, మధ్యలో మనుషులున్నా గోడలున్నా సిగ్నల్ బలహీనపడుతుంది. కల్లంలో వాడండి, రిసీవర్‌ని స్టాండ్ మీద తల కంటే ఎత్తులో పెట్టండి. వంటగదికి వైరే మేలు. ఫోన్‌కి వైఫైలో పంపే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, దాన్ని చూసి ఫోకస్ పట్టనివ్వొద్దు.

ఆ నలుగురిలో ఒక్కరే మీతో మాట్లాడేలా ముందురోజే ఒప్పించండి. షాట్ మధ్యలో నాలుగు మాటలు వినబడితే నటించే అమ్మాయికి టెన్షన్.

ఇంకొకటి, దీన్ని కెమెరా పట్టే అందరికీ చెప్పండి. ముందు పవర్ కేబుల్ పెట్టి, ఆ తర్వాతే ఎస్‌డీఐ కలపాలి. విప్పేటప్పుడు ముందు ఎస్‌డీఐ, తర్వాత పవర్. ఈ వరస తప్పితే కెమెరా ఎస్‌డీఐ బోర్డు కాలిపోయే ప్రమాదముంది.