డాబా ఎక్కే ముందు

చిరంజీవి తల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం మానేసి సోలార్ బిగించే పనిలోకి దిగుతున్నావని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడు గానీ, నాకు మాత్రం సంతోషంగానే ఉంది. ఇరవై ఏళ్లు డాబాల మీద ఎండలో ఎండినవాణ్ణి. ఇంట్లో ఇన్నాళ్లకు ఈ ముచ్చట్లు అర్థమయ్యే మనిషి ఒకరు దొరికారు.

నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఏ ప్యానెల్ పెడితే మంచిది పెదనాన్నా?" కొత్తగా వచ్చినవాళ్లంతా ఇదే అడుగుతారు, కొనేవాళ్లూ ఇదే అడుగుతారు. కానీ పని అయిపోయాక జనం నన్ను వెనక్కి పిలిచిన సందర్భాల్లో ప్యానెల్ చెడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ నీడ దగ్గరో, జాయింట్ల దగ్గరో, నేను ముందే చెప్పాల్సి ఉండి చెప్పని మాట దగ్గరో వచ్చిన తగవులే. అందుకని ప్యానెల్ సంగతి చివర్లో చూద్దాం.

ఎవరైనా పిలిస్తే నిచ్చెన అడగకు, ముందు కరెంటు బిల్లులు అడుగు. ఒక్క నెలది కాదు, పన్నెండు నెలలవి. తర్వాత కూర్చుని వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చెప్పించుకో. పగలంతా తాళం వేసి ఉండే ఇల్లు వేరు, పగలే మిషన్లు తిరిగే చిన్న వర్క్‌షాపు వేరు. మిగిలిన కరెంటును కరెంటు కంపెనీ లైన్‌కి ఇస్తే మంచి ధర వచ్చే చోట పెద్ద సిస్టమ్ పెట్టినా నష్టం లేదు. రాని చోట, పగటి వాడకానికి మించి పెట్టిన ప్రతి ప్యానెల్ వాళ్ల డబ్బు డాబా మీద ఆరబెట్టినట్టే. వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు, గీజర్ లాంటివి మధ్యాహ్నానికి మార్చుకోమని చెప్పు. కొన్ని ఇళ్లలో ఆ ఒక్క మార్పుతోనే సిస్టమ్ సైజు తగ్గిపోయింది. నాకు వచ్చే డబ్బులూ తగ్గాయనుకో, కానీ వాళ్లే తర్వాత పదిమందిని పంపించారు.

ఎంత కరెంటు వస్తుందో చెప్పేటప్పుడు నోరు అదుపులో పెట్టుకో. ప్యానెల్ మీద రాసిన వాట్లు ల్యాబ్‌లో కొలిచినవి. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, లోపలి సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క అది. నడినెత్తిన ఎండలో ప్యానెల్ 60, 65 డిగ్రీలకు కాగుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున పవర్ పడిపోతుంది కాబట్టి 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం అక్కడే పోయింది. ఆపైన దుమ్ము, వైర్లు, ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తినేది ఉంటాయి. రోజుకు చదరపు మీటరు మీద 5 యూనిట్ల ఎండ పడే చోట ఒక కిలోవాట్ సిస్టమ్ కాగితం మీద 5 యూనిట్లు ఇవ్వాలి. నువ్వు మాత్రం 4 వస్తాయని చెప్పు. నాలుగున్నర వచ్చిన రోజు వాళ్లే ఫోన్ చేసి సంబరపడతారు.

చలి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. చల్లబడితే ప్యానెల్ వోల్టేజ్ పెరుగుతుంది. 50 వోల్టుల ప్యానెళ్లు 12 వరసగా కలిపితే 25 డిగ్రీల దగ్గర 600 వోల్టులు. ఇన్వర్టర్ 600 దాకా తట్టుకుంటుంది కదా అని కలిపేస్తే, 5 డిగ్రీల చలి ఉన్న ఉదయం అది సుమారు 630 దాకా పోతుంది, ఇన్వర్టర్ కాలిపోవచ్చు. ఆ చోట ఎంత చలి పడగలదో కనుక్కుని, ఆ చలికి స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు) లెక్క కట్టు. ఎండాకాలంలో పని చేస్తున్నప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు.

ఇక నీడ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నవాణ్ణి.

మొదటి ఏడాదే ఒక ఇంటికి మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి సర్వే చేశాను. డాబా అంతా ఎండ, ఎక్కడా నీడ లేదు. బిగించి వచ్చాను. చలికాలం వచ్చేసరికి సగం కరెంటు కూడా రావట్లేదని ఫోన్. వెళ్లి చూస్తే పడమటి వైపు పక్క భవనం నీడ ఒంటిగంట దాటేసరికే ప్యానెళ్ల మీదకు వచ్చేస్తోంది. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, నీడలు పొడుగవుతాయి. చిన్నపిల్లాడికి తెలిసిన విషయం, నాకు తట్టలేదు. నా ఖర్చుతోనే సగం ప్యానెళ్లు రెండో మూలకు మార్చాను.

ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. జోడెద్దుల్లో ఒకటి కుంటితే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి కుంటిదాని నడకే నడుస్తుంది కదా, ఇక్కడా అంతే. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ గొలుసు మొత్తం నీరసిస్తుంది. మామూలుగా ఒక్కో ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి నీడ పడిన మూడో వంతును తప్పించి మిగతాది పని చేస్తుంది. అంటే అరచేతంత నీడకి ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టు. నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, యాంటెన్నా కడ్డీ, పక్కింటి చెట్టు, అన్నీ చూడు. ఆ చెట్టు ఇంకో అయిదేళ్లకు ఎంత పెరుగుతుందో కూడా అడుగు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఏ కాలంలోనూ నీడ పడని చోటు దొరికితే అదే నీ చోటు. ఒక్కో ప్యానెల్‌కి విడిగా మైక్రో ఇన్వర్టర్లో, ఆప్టిమైజర్లో పెడితే ఒక ప్యానెల్ నీడ ఇంకోదానికి అంటకుండా ఉంటుంది, నిజమే. కానీ నీడలో ఎండ పుట్టించే పెట్టె ఇంకా ఎవరూ చేయలేదు.

దిక్కు, వాలు గురించి జనం చాలా వాదిస్తారు గానీ పెద్ద విషయం కాదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు దక్షిణానికి, దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరానికి తిప్పాలి. వాలు ఆ ఊరి అక్షాంశానికి దగ్గరగా ఉంటే చాలు. కనీసం పది డిగ్రీలైనా ఉంచు, వాన నీళ్లు మురికిని లాక్కుపోతాయి.

డాబా స్లాబైనా రేకులైనా దాని వయసు అడుగు. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. కప్పు అయిదేళ్లకే మార్చాల్సి వస్తే అన్నీ విప్పి మళ్లీ బిగించాలి. స్టాండు బరువు మోయడం ఒక్కటే చూసుకుంటే చాలదు, గాలి కింద నుంచి దూరి పైకి లేపుతుంది. బిగింపులు ఆ లాగుడుకి ఆగాలి. కన్నం పెట్టిన ప్రతిచోటా వాటర్‌ప్రూఫింగ్ నీ కళ్ల ముందే చేయించు. ఇల్లు కారితే నువ్విచ్చిన కరెంటు ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు జాయింట్లు. తొలి రోజుల్లో క్రింపింగ్ టూల్ కొనడానికి బద్ధకించి కటింగ్ ప్లయర్‌తో కనెక్టర్లు నొక్కేసేవాణ్ణి. ఒకచోట రెండేళ్లకు అది వేడెక్కి కరిగిపోయింది. అదృష్టం కొద్దీ కింద కాంక్రీటు ఉంది, కట్టెలేమీ లేవు. ఏసీ, అంటే దిశ మారుతూ ఇంటికి వచ్చే కరెంటు, 50 హెర్ట్జ్ లైన్‌లో సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెల్ ఇచ్చే డీసీ ఒకే వైపు పారుతుంది, దానికి ఆ సున్నా లేదు, ఒకసారి ఆర్క్ (గాలిలో దూకే నిప్పు) మొదలైతే అలాగే మండుతుంది. అందుకే కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ ఎప్పుడూ లాగకు. ముందు ఇన్వర్టర్ ఆపు, తర్వాత ప్యానెళ్ల వైపు తెంపే డీసీ ఐసొలేటర్ స్విచ్, తర్వాతే చెయ్యి పెట్టు. ఏసీ ఎంసీబీ మిగిలింది కదా అని డీసీ వైపు పెట్టకు. చూడ్డానికి ఒకదాంట్లో ఒకటి దూరినా రెండు వేరు కంపెనీల కనెక్టర్లు కలపకు. వైరు ఎండను తట్టుకునే సోలార్ వైరే అయి ఉండాలి, నీళ్లు నిలిచే చోట పడుకోకూడదు. ఎర్తింగ్, పిడుగు లాంటి వోల్టేజ్ దెబ్బను ఆపే సర్జ్ ప్రొటెక్టర్ విషయంలో బేరం ఆడేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇంకొకర్ని చూసుకోమని మర్యాదగా చెప్పు.

సూర్యుడికి స్విచ్ లేదు తల్లీ. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వోల్టేజ్ ఉంటుంది. నీ కుర్రాళ్లకు రోజూ చెప్పు. డాబా అంచున బెల్టు కట్టుకోనివాడికి ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపించెయ్యి.

ఒక రాత్రి పదింటికి వచ్చిన ఫోన్ ఇప్పటికీ మర్చిపోలేను. "నెత్తి మీద సోలార్ పెట్టుకుని మేం చీకట్లో కూర్చున్నాం" అని. పగలు కరెంటు పోయినా ఆగిపోతోందట. లైన్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్ లైన్ పోగానే ఆగిపోవాలి. లేకపోతే మన ఇంటి కరెంటు వెనక్కి వెళ్లి, స్తంభం మీద పని చేస్తున్న మనిషికి కొడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్లకు చెప్పలేదు. సంతకం పెట్టకముందే ఈ మాట రెండుసార్లు చెప్పు. కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. బ్యాటరీ మీద ఎయిర్ కండిషనర్లు కూడా నడపాలంటే ఖర్చు ఎక్కడికో పోతుంది, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వరకు వేరే లైన్ తీసి ఇవ్వు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కంటే ఎక్కువ ఖాళీ కానివ్వకూడదు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80, 90 శాతం దాకా వాడుకోవచ్చు.

చిన్న వ్యాపారాల దగ్గర ఇంకో ఇరకాటం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మోటార్లు నడిచే చోట 10 కిలోవాట్ల లోడ్, దాంతోపాటు 6 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ (మోటారు తీసుకుని తిరిగిచ్చేసే, పని చేయని పవర్; దాని కొలత కేవీఏఆర్) ఉందనుకో. పవర్ ఫ్యాక్టర్, అంటే లైన్ నుంచి లాగే మొత్తంలో నిజంగా పని చేసే వంతు, 0.86 దగ్గర ఉంటుంది. నువ్వు సోలార్‌తో 7 కిలోవాట్లు ఇస్తే లైన్ నుంచి వచ్చేది 3, రియాక్టివ్ మాత్రం అదే 6. మీటర్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.45కి పడిపోతుంది. దానికి జరిమానా వేసే చోట యూనిట్లు తగ్గి కూడా బిల్లు మీద కొత్త గీత కనిపిస్తుంది. రియాక్టివ్‌ను అక్కడే ఇచ్చే కెపాసిటర్లు సరిచూడు, లేదా ఇన్వర్టర్‌నే రియాక్టివ్ ఇచ్చేలా సెట్ చెయ్యి. డిమాండ్ ఛార్జీ (లైన్ నుంచి లాగిన అత్యధిక లోడ్‌ను బట్టి వేసేది) తగ్గుతుందని మాత్రం మాటివ్వకు, ఒక్క మబ్బు చాలు దాన్ని వెనక్కి తేవడానికి.

అప్పగించే రోజు ప్రతి స్ట్రింగ్ వోల్టేజ్, ఇన్సులేషన్ రీడింగులు కాగితం మీద రాసి వాళ్లకొకటి ఇచ్చి నువ్వొకటి దాచుకో. సిస్టమ్ ఆపే వరస రాసి ఇన్వర్టర్ పక్కనే అతికించు. కడగడం తెల్లవారుజామునే అని చెప్పు, కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోయకూడదు.

నీ ప్రశ్నకు వస్తే, ప్యానెల్ ఏదైనా డేటా షీట్ చదువు, సీరియల్ నంబర్లు కంపెనీ వాళ్ల దగ్గర సరిచూడు, పాతికేళ్ల వారంటీ ఇచ్చేవాడు పదేళ్లయినా నిలబడేలా ఉన్నాడా చూడు. అంతకంటే నేను చూసేదేమీ లేదు.

మొదటి పని అయ్యాక ఫోటోలు పంపు. పైన మెరిసే అద్దాలవి అందరూ పంపుతారు. నాకు ప్యానెళ్ల కింద వైర్లు ఎలా కట్టావో అవి కావాలి.

ఇట్లు,
మీ పెదనాన్న