హైడ్రోఫోన్ ముంచే ముందు

కర్నూలు

చిరంజీవి పాపకు, మామ ఆశీస్సులు.

అనంతపురంలోని క్లినిక్కుల్లో మడమ నొప్పికీ భుజం నొప్పికీ వాడుతున్న షాక్‌వేవ్ యంత్రాలను (ఒంటిలోకి ఒత్తిడి అలలను పంపేవి) కొలవడమే నీ ఎం.టెక్. ప్రాజెక్టు అని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందని పొంగిపోయాను గానీ, రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తెలిసిన సంగతులు తొందరగా ముగిస్తాను. అలలను ఒకచోటికి ఫోకస్ చేసే యంత్రాలకు ఐఈసీ 61846 అనే అంతర్జాతీయ కొలత ప్రమాణం, గాలి ఒత్తిడితో గుండు కొట్టే రేడియల్ యంత్రాలకు 2020లో వచ్చిన ఐఈసీ 63045 దగ్గర పెట్టుకో. రేడియల్ యంత్రం తెరపై కనిపించే ‘బార్’ లోపలి గుండును తోసే గాలి ఒత్తిడే తప్ప రోగి ఒంటికి తగిలే ఒత్తిడి కాదు. ఆ అంకెను నీ పట్టికలో ఫలితంగా రాశావంటే నేనే వచ్చి కొట్టేస్తాను. స్పార్కుతో పనిచేసే యంత్రం మూత తీయవలసి వస్తే, ప్లగ్గు పీకినంత మాత్రాన దాని కెపాసిటర్‌ను నమ్మకు, అందులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

ఇక నీళ్ల సంగతి. ఇరవై ఏళ్ల కిందట ఒక ఆసుపత్రిలో పరికరాల బాగోగులు చూసే రోజుల్లో, స్పార్కు యంత్రం ఒకటి సరిగా కొడుతున్నదో లేదో చూడమన్నారు. అరువు తెచ్చిన హైడ్రోఫోన్‌ను, అంటే నీళ్లలో ఒత్తిడి అలను పలుచటి పొరతో పట్టి కొలిచే పరికరాన్ని, తొట్టెలో అమర్చి, మే నెల ఎండలో బోరు నీళ్లను బకెట్టుతో ఎత్తి పోశాను. అలను గీతగా చూపే ఆసిలోస్కోపు తెరపై ఒత్తిడి శిఖరం కంపెనీ చెప్పిన దానిలో దాదాపు సగమే వచ్చింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. ఒకే తప్పును మూడుసార్లు చేసి దానికి నిర్ధారణ అని పేరు పెట్టుకున్నానని అప్పుడు తోచలేదు. యంత్రం నీరసించిందని రిపోర్టు రాశాను, దాన్ని నమ్మి వాళ్లు మీటను రెండు మెట్లు పైకి తిప్పారు.

ఆ వారంలోనే మార్కెట్ యార్డు హమాలీ ఒకతనికి మడమంతా కమిలి నల్లబడింది. పది రోజులు మూట ఎత్తలేకపోయాడు. చూడటానికి వెళితే, “గట్టిగా కొట్టింది కదా సారూ, తొందరగా బాగవుతుందిలే” అని అతనే నన్ను ఓదార్చాడు.

తిరిగి వచ్చి తొట్టెలోకి టార్చిని ఏటవాలుగా వేసి చూస్తే, హైడ్రోఫోన్ పొర మీద ఆవగింజల్లో సగం లేని బుడగలు వరుసగా అంటుకుని మెరుస్తున్నాయి. చల్లటి నీళ్లు వేడెక్కేకొద్దీ కరిగిన గాలి బయటికి వచ్చి దొరికిన తలాన్నల్లా పట్టుకుంటుంది; ఆ బుడగలు వచ్చిన అలను వెనక్కి కొట్టేస్తాయి, పైగా ఒక పల్సు, అంటే యంత్రం కొట్టే ఒక దెబ్బ, రేపిన బుడగలు ఆరకముందే తర్వాతి పల్సు వస్తే అది వాటిలోనే చిక్కుతుంది. బాగా మరగించి, మూత పెట్టి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌తో అదే మీట మీద మళ్లీ కొలిస్తే, శిఖరం దాదాపు రెట్టింపు అయింది.

అందుకే నీళ్లను ఎత్తు నుంచి పోయకు, గొట్టాన్ని అడుగుకు ఆనించి నింపు. సెకనుకు ఒక పల్సు చాలు. స్పార్కు ప్రతిసారీ ఒకేచోట పుట్టదు కనుక, తెర మీద అలలను సరాసరి చేస్తే నిటారు అంచు అరిగిపోయి శిఖరం కుంగుతుంది. ఏ పల్సుకు ఆ పల్సునే భద్రపరచి, సరాసరి తర్వాత తీసుకో. అంకె తక్కువ వస్తే ముందు పొరను, తర్వాత తీగను, ఆ తర్వాతే యంత్రాన్ని అనుమానించు. చెవులకు మఫ్‌లు పెట్టుకో పాపా, నా కుడి చెవి ఆ టపటపలకే మందగించిందని మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

నీళ్లు మరగించడానికి ఆమె స్టీలు గుండిగను ఆదివారం బస్సులో పంపుతున్నాను. మూత ఒక పక్క వంగింది, చల్లారేటప్పుడు గాలి చొరకుండా గట్టి గుడ్డ చుట్టు.

నీ మామ