డాక్టర్ సలహా: ముద్ద ఆగుతోందంటే మాత్ర మార్చితే సరిపోదు

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఏడెనిమిదేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నాయి. మందుల షాపులో అడిగి పాంటోప్రజోల్ వాడుతున్నాను. రెండు నెలలుగా చపాతీ, గట్టి అన్నం రొమ్ము మధ్యలో పట్టేసినట్లై, నీళ్లు తాగితే గానీ దిగడం లేదు. అందుకని మెత్తగా కలిపిన పెరుగన్నమే తింటున్నాను. కారం మానేశాక కొంచెం బరువు కూడా తగ్గాను. ఇంతకంటే బాగా పనిచేసే మాత్ర ఉందా? ఆవకాయ పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు మాత్ర గురించి, ఆవకాయ గురించి అడిగారు గానీ, నాకు ఆందోళన కలిగిస్తున్నవి మీరు మామూలుగా రాసేసిన రెండు విషయాలు: ముద్ద ఆగడం, బరువు తగ్గడం. యాభై దాటినవారిలో ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు ఎండోస్కోపీ చేయకుండా మాత్ర మార్చడం సరికాదు. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఈ పరీక్షను ఇక వాయిదా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర గొట్టం. గొంతు దిగువన మొదలై, శ్వాసనాళం వెనుకగా ఛాతీలోంచి దిగి, ఛాతీకీ పొట్టకూ మధ్య కండర పొర అయిన డయాఫ్రమ్‌ను దాటి జీర్ణాశయంలో కలుస్తుంది. ఆ కలిసేచోట ఉన్న కండర వలయం మింగినప్పుడు వదులై, తర్వాత బిగుసుకోవాలి. అలా బిగుసుకోకపోతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది; దాన్ని తట్టుకునే రక్షణ జీర్ణాశయానికి ఉన్నంతగా అన్నవాహికకు లేదు కనుక లోపలి పొర పుండు పడుతుంది. ఏళ్ల తరబడి పుండు పడుతూ మానుతూ ఉంటే మచ్చకట్టి దారి సన్నబడవచ్చు. కొందరిలో ఆ పొర స్వభావమే మారి బారెట్ అన్నవాహిక అనే స్థితి వస్తుంది. అది క్యాన్సర్‌గా మారేది కొద్దిమందిలోనే అయినా, గుర్తించి కనిపెట్టుకుని ఉండాల్సిందే. అకలేషియా అనే జబ్బులో కింది వలయం సడలదు, వారికి సాధారణంగా మొదటి నుంచే నీళ్లు కూడా ఆగుతాయి. మీకు గట్టి పదార్థాలే ఆగుతున్నాయి కనుక దారి ఎక్కడో సన్నబడిందేమోనన్న అనుమానం ముందు వస్తుంది. అందుకు కారణం మచ్చ కావచ్చు, గడ్డ కూడా కావచ్చు. చూస్తే తప్ప తేలదు.

పాంటోప్రజోల్ మంచి మందే. కానీ మంట ఆగిందంటే జబ్బు ఆగిందని అర్థం కాదు, లోపల ముదురుతున్నదాన్ని అది కప్పిపెట్టగలదు కూడా. ఓపీలో తరచూ చూస్తుంటాను: ముందు చపాతీ మానేస్తారు, తర్వాత మాంసం ముక్క, ఆ తర్వాత అన్నాన్ని చేత్తో మెదిపి చారులో నానబెట్టుకుంటారు, ఇంట్లోవాళ్లు పళ్ల ఇబ్బంది అనుకుంటారు, చివరికి జావ తప్ప ఏదీ దిగని స్థితిలో మా దగ్గరికి వస్తారు. మీరు పెరుగన్నానికి మారడం అదే దారి. కారం మానేసినంత మాత్రాన ఎవరూ బరువు తగ్గరు. సీజన్‌లో యార్డు వదిలి రావడం కష్టమని తెలుసు, అయినా ఇన్నేళ్లు మందుల షాపు కౌంటర్ దగ్గరే వైద్యం చేయించుకోవడం మాత్రం తప్పే.

ఎండోస్కోపీకి భయపడనవసరం లేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్తే, గొంతు మొద్దుబారే మందు కొట్టి సన్నని గొట్టంతో చూస్తారు. సాధారణంగా పది, పదిహేను నిమిషాల పని. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయంతో చాలామంది వెనక్కి తగ్గుతారు, అది నిజం కాదు. మచ్చ వల్ల సన్నబడిన దారిని చాలామందిలో ఎండోస్కోపీతోనే వెడల్పు చేయవచ్చు.

ఆవకాయ మంటను పెంచవచ్చు గానీ, ముద్ద ఆగడానికి దాన్ని కారణంగా చూడలేం. చుట్ట, ఖైనీ, మద్యం అలవాట్ల గురించి మీరు రాయలేదు. ఉంటే ఈ రోజే మానేయండి, డాక్టర్ దగ్గర దాచకండి. రాత్రి తిన్నాక రెండు మూడు గంటల వరకు పడుకోకండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ముద్ద పూర్తిగా ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే, అరటిపండుతో కిందికి తోసే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. నడిస్తే ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా, గ్యాస్ అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించుకోండి.

గుంటూరు జీజీహెచ్‌కైనా, మీకు నమ్మకమున్న మరో ఆసుపత్రికైనా ఈ వారంలోనే వెళ్లండి. ఇన్నాళ్లూ వాడిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లి, ఏది ఎంతకాలం వాడారో డాక్టర్‌కు చెప్పండి.